బ్యాగు మోసుకుని కొండ నడవడానికి ట్రెయిల్ రన్నింగ్ షూ ఏ సైజు తీసుకోవాలి?

గుణుపురం లెక్కల టీచర్

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం, బళ్ళో లెక్కలు చెబుతాను. నవంబరులో మా ఆడపడుచు, నేను, మరో ఇద్దరు టీచర్లం కలిసి డార్జిలింగ్ కొండల్లోని సందక్‌ఫు వెళ్ళాలనుకుంటున్నాం. మానేభంజంగ్ దగ్గర మొదలుపెట్టి, పైకి వెళ్ళాక గుర్దుమ్ మీదుగా సిరిఖోలా దిగుతాం. కూలీలను పెట్టుకోకుండా ఎవరి బ్యాగు వాళ్ళే మోసుకోవాలని నిర్ణయం. నీళ్ళతో కలిపి నా బ్యాగు పది, పదకొండు కిలోలు తూగుతుంది. కాళ్ళకి అలవాటు కావాలని దసరా సెలవుల్లో మహేంద్రగిరి, వీలైతే దేవమాలి కూడా అదే బరువుతో ఎక్కుతాం.

చీలమండ దాకా ఉండే బరువైన బూట్లు నాకు పడవు. మోకాళ్ళు లాగేస్తాయి. తేలిగ్గా ఉంటాయని ట్రెయిల్ రన్నింగ్ షూ (కొండ, మట్టి దారుల్లో పరిగెత్తడానికి చేసేవి) కొందామనుకున్నాను. సైజు దగ్గరే ఆగిపోయాను.

గోడకి మడమ ఆనించి కొలిస్తే ఎడమ పాదం 24.4 సెం.మీ., కుడి పాదం 24.8 వచ్చింది. వేళ్ళ దగ్గర వెడల్పు, మడమ సన్నం. చెప్పులు యూకే 5 వేసుకుంటాను. బాబు పుట్టకముందు 4 సరిపోయేది. ఒకచోట అర సైజు పెంచమని రాశారు, ఇంకోచోట పూర్తి సైజు. బరంపురంలో ఒక షాపుకి వెళ్తే 5 తొడిగి "బిగుతుగా ఉంటేనే మంచిదమ్మా, వాడగా వాడగా అదే వదులవుతుంది" అన్నారు. అందులో వేళ్ళు కొసకి తగులుతున్నాయి. 6 వేసుకుంటే మడమ లేచిపోతోంది. ఆ మోడల్‌లో అంతకంటే పెద్దది ఆడవాళ్ళకి లేదన్నారు.

మా ఊళ్ళో ఇలాంటివి అమ్మరు. విశాఖ వెళ్ళి కొనాలి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించాలి. జీతం డబ్బుతో కొంటున్నాను కాబట్టి రెండోసారి కొనే వీలు లేదు. బరువు మోస్తూ నడిచేవాళ్ళు సైజు ఎలా చూసుకుంటారో చెప్పగలరా?

జయపురం పరుగు

అక్కా, నేను కోరాపుట్ కొండల్లో పరిగెడతాను. దేవమాలి రోడ్డు మీద వారాంతం ప్రాక్టీసు. నా లెక్కలో అర సైజు పెంచితే చాలు. ఇంకా పెద్దదైతే రాళ్ళ మీద పాదం లోపల అటూ ఇటూ జారుతుంది, చీలమండ మెలిపడే ప్రమాదం ఉంది. షూ పాదాన్ని పట్టుకుని ఉండాలి. మీరు 5.5 చూడండి. సాక్స్ పల్చనివి వేసుకోండి.

పర్లాకిమిడి కొండదారి

టీచర్ గారూ, జయపురం తమ్ముడు చెప్పింది పరుగుకి సరైన మాట. మీరు పరిగెత్తడం లేదు. పదకొండు కిలోలు వీపున వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడవబోతున్నారు. షూ ఒకటే కావచ్చు గానీ దానిలో ఉండే కాలు వేరు.

నా పని కొండల్లో మొక్కల సర్వే. మహేంద్రగిరి చుట్టూ, ఇటు రాయగడ వైపు కొండల్లో తిరుగుతాను. వీపు మీద మొక్కలు నొక్కి ఆరబెట్టే చెక్క చట్రాల ప్రెస్సు, పాత దినపత్రికల కట్ట, నీళ్ళు, తిండి. పొద్దున వెళ్ళేటప్పటికంటే దిగేటప్పుడు బరువెక్కువ ఉంటుంది, ఎందుకంటే పచ్చి మొక్కలు, తడిసిన కాగితాలు. బరువు తోటి దిగడమే నా రోజు పని కాబట్టి షూ సైజు విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

మీరు లెక్కలు చెప్తారు, లెక్కలోనే మాట్లాడుకుందాం. అర సైజా, పూర్తి సైజా అన్న గొడవ కాసేపు ఆపండి. సైజంటే మిల్లీమీటర్లే. యూకే కొలతలో ఒక సైజుకీ పై సైజుకీ తేడా అంగుళంలో మూడో వంతు, సుమారు 8.5 మి.మీ. అర సైజంటే 4 మి.మీ. పైచిలుకు. యూరోపు నంబర్లలో 38కీ 39కీ మధ్య 6.7 మి.మీ. మీ రెండు పాదాల మధ్యే 4 మి.మీ. తేడా ఉంది. అంటే ఎడమ కాలికి ఒక సైజు సరిపోతే కుడి కాలికి అర సైజు పెద్దది కావాలి. ఎప్పుడూ పెద్ద పాదానికే కొనాలి. చిన్న పాదానికి లేసు బిగించుకోవచ్చు, కావాలంటే షూ లోపల పరిచి ఉండే మెత్త, అంటే ఇన్‌సోల్ కింద పల్చటి అట్ట వేసుకోవచ్చు. పెద్ద పాదాన్ని చిన్నది చేయలేం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ 24.8 ఎప్పుడు కొలిచారు? పొద్దున్నే లేచిన కాలా, బడి నుంచి వచ్చిన కాలా? కూర్చునా, నిలబడా? బ్యాగు లేకుండానే కదా?

పాదంలో వంపు ఉంటుంది. ఒళ్ళు బరువు పడగానే అది కాస్త కిందికి దిగుతుంది, దాంతో పాదం ముందుకీ పక్కలకీ సాగుతుంది. పదకొండు కిలోలు కలిస్తే ఇంకాస్త సాగుతుంది. దానికి తోడు ఎండలో గంటల తరబడి నడిస్తే పాదం ఉబ్బుతుంది. మనవైపు ఉక్కలో మరీను. పొద్దున కూర్చుని కొలిచిన కాలికీ సాయంత్రం బరువుతో నిలబడిన కాలికీ కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఆ కొన్ని మిల్లీమీటర్లే ఒక్కోసారి అర సైజు. ఇంటర్నెట్లో ఒకాయన అర సైజంటాడు, ఇంకొకాయన పూర్తి సైజంటాడు, ఏటంటే వాళ్ళు మొదట ఏ కాలిని కొలిచారో చెప్పరు. అది తెలియకుండా "పెంచండి" అంటే దేని మీద పెంచాలి?

ఇలా చేయండి. రోజంతా బళ్ళో నిలబడి వచ్చిన సాయంత్రం, స్నానం చేయకముందు, నడకకి వేసుకునే సాక్స్ వేసుకోండి. బ్యాగులో పది కిలోల బియ్యం పెట్టి వీపుకి తగిలించుకుని ఒక అరగంట ఇంట్లోనో డాబా మీదో తిరగండి. నేల మీద తెల్లకాగితం గోడకి చేర్చి పరవండి. దాని మీద నిలబడి మడమ గోడకి ఆనించండి. రెండు కాళ్ళ మీదా బరువు సమంగా ఉండాలి. గీత మీరు గియ్యకండి. వంగితే బరువు మారి కొలత పాడవుతుంది. మీ ఆడపడుచుని గియ్యమనండి. పెన్సిల్ నిటారుగా పట్టుకోవాలి, లోపలికి వాలితే కొలత తగ్గిపోతుంది. అన్నిటికంటే పొడుగ్గా ఉన్న వేలు ఏదో చూసి దాని కొస దగ్గర గుర్తు పెట్టాలి. అందరికీ బొటనవేలే పొడుగు కాదు. అలాగే బొటనవేలు మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే ఎముక నుంచి చిటికెనవేలు మొదటి ఎముక దాకా వెడల్పు కూడా తీసుకోండి.

ఆ పొడవుకి ముందు ఖాళీ 12 మి.మీ. కలపండి. దిగేటప్పుడు పాదం ఎంత కట్టినా కాస్త ముందుకు జరుగుతుంది, ఆ చోటు దానికోసం. తమ్ముడిలా బరువు లేకుండా పరిగెత్తే వాళ్ళకి 8 నుంచి 10 సరిపోవచ్చు. నేనైతే బరువుకి 12 కంటే తగ్గను.

యూకే సైజు సూత్రం ప్రకారం 5కి అచ్చు (షూ తయారుచేసే మూస) పొడవు 254 మి.మీ., 5.5కి 258, 6కి 262, 6.5కి 267. మీ కుడి పాదం ఖాళీగా ఉన్నప్పుడే 248. అంటే 5లో ముందు మిగిలేది 6 మి.మీ. షూ ముక్కు సన్నబడుతుంది కాబట్టి అది కూడా పూర్తిగా దక్కదు. షాపులో వేళ్ళు తగిలాయంటే తగలవా మరి. కంపెనీలు ఈ సూత్రాన్ని అక్షరాలా పాటించవు, ఒకరి 6 మరొకరి 6 కాదు. అయినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. డబ్బా మీద సెం.మీ. లేదా జేపీ (జపాను సైజు, అదీ సెం.మీ.లోనే) అని ఉండే నంబరు పోల్చుకోవడానికి ఇంకా మేలు. అమెరికా నంబరు చూసి మోసపోవద్దు. మగవాళ్ళ షూలో కొందరు యూకేకి అర కలుపుతారు, కొందరు ఒకటి కలుపుతారు. ఆడవాళ్ళ షూలో ఆ తేడా ఇంకా ఎక్కువ.

కొలిచి చెప్పండి, మిగతాది తర్వాత మాట్లాడదాం.

జయపురం పరుగు

అన్నా, పొడవు సరే. 6.5 వేసుకుంటే అక్క మడమ ఏమవుతుంది? 6లోనే లేస్తోందంటున్నారు. బరువుతో మడమ లేస్తే కిలోమీటరులోనే బొబ్బ కడుతుంది. నేను చెప్పే భయం అదే.

పర్లాకిమిడి కొండదారి

మంచి ప్రశ్న తమ్ముడూ. చాలామంది షూ సైజు తప్పడం ఇక్కడే.

మడమ లేవడానికి కారణం పొడవు అని అందరూ అనుకుంటారు. ఎక్కువసార్లు కారణం మెడమీద, అంటే లేసులు కట్టే చోట, పాదం పైభాగం షూకి ఆనకపోవడం. అక్కడ ఖాళీ ఉంటే పాదం రెండు వైపులా జారుతుంది. ఎక్కేటప్పుడు మడమ లేస్తుంది, దిగేటప్పుడు మొత్తం పాదం ముందుకి వెళ్ళి గోరు కొడుతుంది. అందుకే ఒక సైజు పెంచినా గోళ్ళు నల్లబడ్డాయని కొందరు వాపోతారు. ఇంకో సైజు పెంచితే ఇంకా జారుతుంది. పెంచాల్సింది పొడవు, బిగించాల్సింది మెడ, వదిలేయాల్సింది వేళ్ళ చోటు. మూడూ వేర్వేరు పనులు, ఒకే నంబరుతో జరగవు.

టీచర్ గారు షాపులో 6 వేసుకున్నప్పుడు లేసులు ఎలా కట్టారో ఊహించగలను. షాపులో అందరూ పై కన్నం వదిలేసి ముడి వేస్తారు. ట్రెయిల్ షూకి చీలమండ దగ్గర ప్రతి పక్కా చివర్లో ఒక అదనపు కన్నం ఉంటుంది. చాలామందికి అది ఎందుకో తెలియదు. లేసుని ముందు కన్నం నుంచి అదే పక్కనున్న చివరి కన్నంలోకి బయట నుంచి లోపలికి దూర్చి చిన్న ఉచ్చులా వదలాలి. రెండో పక్కా అంతే. ఇప్పుడు కుడి లేసు కొస ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొస కుడి ఉచ్చులోంచి తీసి, కిందికీ వెనక్కీ లాగి బిగించాలి. మడమ వెనక్కి కూర్చుంటుంది. ఆ తర్వాత ముడి. ఇలా కట్టి కూడా మడమ లేస్తే అప్పుడు ఆ మోడల్ మీకు సరిపడలేదని అర్థం.

కింది కన్నాలు మాత్రం వదులుగా ఉంచాలి. వేళ్ళ దగ్గర వెడల్పున్న వాళ్ళు మొదటి జత కన్నాల్లో లేసుని అడ్డంగా కలపకుండా పక్కనుంచే నిలువుగా పైకి తీసుకెళ్తే అక్కడ గుడ్డ విచ్చుకుంటుంది.

ఇంకో సంగతి, పొడవు ఎక్కువైపోతే వచ్చే నష్టం గురించి. షూ వంగే గీత ఒకటుంటుంది. అది మన వేళ్ళ మొదళ్ళ కిందే వంగాలి. షూ మరీ పెద్దదైతే ఆ గీత ముందుకి పోతుంది, అడుగు వేసినప్పుడల్లా పాదం ఒకచోట, షూ ఇంకోచోట వంగుతాయి. సాయంత్రానికి అరికాలు నొప్పెడుతుంది. అందుకని 12 మి.మీ. అన్నాను గానీ 20 అనలేదు.

బరంపురం ఫిజియో

నేను బరంపురంలో ఫిజియోథెరపిస్టుని. పైన చెప్పింది నిజం. ఒకటి రెండు మాటలు కలుపుతాను.

టీచర్ గారూ, బాబు పుట్టాక సైజు మారిందన్నారు కదా, అది మీ ఊహ కాదు. గర్భంతో ఉన్నప్పుడు ఒంటి బరువు పెరుగుతుంది, కీళ్ళ బంధాలు సడలుతాయి. పాదంలోని వంపు కొంచెం దిగి, కొందరికి పాదం పొడవు కాన్పు తర్వాత కూడా అలాగే ఉండిపోతుంది. కాబట్టి పాత సైజు గుర్తుపెట్టుకుని కొనకండి. ఆ మాటకొస్తే వయసు పెరిగే కొద్దీ పాదం మారుతుంది, ఏ షూ కొన్నా మళ్ళీ కొలవాలి.

వెడల్పు విషయం. ఆడవాళ్ళ షూలో మామూలు వెడల్పుని బి అంటారు, వెడల్పాటివి డి. మగవాళ్ళలో డి అంటేనే మామూలు, వెడల్పువి 2ఈ. అందుకే ఆడవాళ్ళ మోడల్ ఇరుకైతే మగవాళ్ళది వేసుకోమంటారు. యూకే నంబరు ఇద్దరికీ ఒకటే కాబట్టి సైజు వెతుక్కోవడం కూడా తేలిక. మీకు మాత్రం నేను ముందు ఆడవాళ్ళ డి వెతకమంటాను, ఎందుకంటే మగవాళ్ళ షూలో మడమ చోటు కూడా వెడల్పుగా ఉంటుంది, మీ మడమ సన్నమంటున్నారు. అది దొరక్కపోతే మగవాళ్ళది తీసుకుని పైన చెప్పిన లేసు కట్టుతో చూడండి.

గోళ్ళు ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందే నేరుగా, వేలి కొసకి సమంగా కత్తిరించండి. బయల్దేరే రోజు పొద్దున కత్తిరిస్తే మూలలు గుచ్చుకుంటాయి. దిగుడులో గోరు కింద నొప్పి మొదలైతే అప్పుడే ఆగి లేసు మళ్ళీ కట్టుకోండి. గోరు కింద రక్తం చేరాక చేసేది తక్కువ. పాదం పైన తిమ్మిరి వస్తే లేసు మరీ బిగిసిందని అర్థం, నొప్పి ఉన్న చోట ఒక జత కన్నాలు వదిలేసి కట్టండి. మధుమేహం ఉన్నవాళ్ళు మీ బృందంలో ఉంటే ప్రతి రాత్రీ పాదాలు చూసుకోవాలి. వాళ్ళకి బొబ్బ తెలియకపోవచ్చు.

రాయగడ చెప్పుల షాపు

మాది రాయగడలో చెప్పుల షాపు, నాన్నగారి కాలం నుంచి. "వాడగా వదులవుతుంది" అన్న మాట మీద చెప్పాలి. ఆ మాట తోలు చెప్పులకీ తోలు బూట్లకీ నిజం. తోలు కాలి వేడికీ చెమటకీ సాగి కాలి ఆకారానికి వస్తుంది. మేం కూడా ఇరుకు తోలు బూటుని చెక్క అచ్చు వేసి ఒక రాత్రి ఉంచి సాగదీస్తాం. ట్రెయిల్ షూలు అలా కావు. పైన నైలాను, పాలిస్టరు వల గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పొర అతికిస్తారు. అది సాగదు. ముక్కు దగ్గర రాళ్ళు తగలకుండా రబ్బరు తొడుగు ఉంటుంది, అది అసలు సాగదు. లోపలి స్పాంజి కొద్దిగా అణుగుతుంది, అంతే. మొదటి రోజు వేళ్ళు తగిలితే చివరి రోజూ తగులుతాయి. ఈ మాట చెప్పి అమ్మకపోతే బేరం పోతుందని చాలామంది చెప్పరు.

షూ డబ్బా తెరవగానే ఇన్‌సోల్ బయటకి తీయించండి. దాని మీద నిలబడండి. మడమ వెనక అంచుకి చేర్చండి. ముందు బొటనవేలంత వెడల్పు ఖాళీ కనిపించాలి, పక్కన పాదం ఇన్‌సోల్ దాటి బయటకి రాకూడదు. చిటికెనవేలు బయటకి వస్తే ఆ మోడల్ వదిలేయండి, సైజు పెంచి లాభం లేదు. ఇది ఏ షాపులోనైనా అడగొచ్చు, ఎవరూ కాదనరు.

గుణుపురం లెక్కల టీచర్

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇంత వివరంగా చెబుతారనుకోలేదు.

నిన్న సాయంత్రం బడి నుంచి వచ్చి బియ్యం బ్యాగుతో డాబా మీద తిరిగి కొలిచాం. ఎడమ 24.9, కుడి 25.3. రెండోవేలు బొటనవేలి కంటే కొంచెం పొడుగు, ఇన్నాళ్ళూ గమనించనే లేదు. మొదటి కొలత ఆదివారం పొద్దున తీసుకున్నది. అంటే రెండు పాదాలూ అయిదేసి మి.మీ. పెరిగాయి. 25.3కి 1.2 కలిపితే 26.5. పట్టిక ప్రకారం 6కి కాస్త ఎక్కువ, 6.5కి దగ్గర.

రెండు సందేహాలు. సందక్‌ఫులో చలి కదా, కాలు మనవైపు ఉబ్బినట్టు అక్కడ ఉబ్బదేమో. అప్పుడు 6.5 పెద్దదవుతుందా? నీళ్ళు దూరని రకం తీసుకోవాలా, మామూలువా?

పర్లాకిమిడి కొండదారి

బాగా కొలిచారు. 6.5 తోనే మొదలుపెట్టండి. షాపులో 6, 6.5, 7 మూడూ వేసి చూడండి, ఒకే మోడల్‌లో. ఆన్‌లైన్ అయితే వాపసు తీసుకునే చోటే 6.5 తెప్పించుకోండి.

చలి సంగతి. వేడికి వచ్చే ఉబ్బు అక్కడ తగ్గుతుంది. బరువుకి సాగేది తగ్గదు. సందక్‌ఫు ఎత్తు 3,636 మీటర్లు, నవంబరులో మీరు మనవైపు వేసుకునే పల్చటి సాక్స్ కాకుండా ఉన్ని సాక్స్ వేసుకుంటారు. ఉబ్బు తగ్గిన చోటు సాక్స్ మందం తీసుకుంటుంది. షూ బిగుతైతే రక్తం సరిగా ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి, కాబట్టి చలి ప్రదేశానికి షూ చిన్నదవడం కంటే కొంచెం పెద్దదవడమే నయం. ఒక పని చేయండి, ఆ ఉన్ని సాక్స్ ఇప్పుడే కొనేసి వాటితోనే షూ వేసి చూడండి. సాక్స్ ముందు, షూ తర్వాత. చాలామంది తిరగేసి చేస్తారు.

నీళ్ళు దూరని పొర ఉన్న షూ నేను తీసుకోను. పొర బయటి నీటిని ఆపుతుంది, నిజమే. కానీ నీళ్ళు మెడ దగ్గర నుంచి లోపలికి వస్తే బయటకి పోవు. మహేంద్రగిరి వైపు వాగు దాటితే మోకాలి దాకా తడుస్తాం, అప్పుడు ఆ షూ చెంబులా నీళ్ళు పట్టుకు కూర్చుంటుంది. వల గుడ్డ షూ అయితే నడుస్తుంటేనే నీళ్ళు కారిపోతాయి. నానిన చర్మం మెత్తబడి తొందరగా బొబ్బలెక్కుతుంది, అందుకే తొందరగా ఆరడమే ముఖ్యం. నవంబరులో సందక్‌ఫు దారి చాలామటుకు పొడిగానే ఉంటుంది. జీపు దారి ఎక్కువ, రాళ్ళ చోట్లూ ఉంటాయి. అరికాలికి ఆ రాళ్ళు తెలియకుండా సోలు లోపల గట్టి పలక ఉన్నది, కింద పళ్ళు నాలుగైదు మి.మీ. లోతున్నది చూడండి.

సోలు ఎత్తు గురించి ఒక హెచ్చరిక. మడమ, వేళ్ళు ఒకే ఎత్తులో ఉండే రకాలు ఈమధ్య బాగా అమ్ముతున్నారు. వేళ్ళ దగ్గర అవి వెడల్పుగా ఉంటాయి కాబట్టి మీకు నచ్చుతాయి. అవి పిక్కల మీదా మడమ వెనక స్నాయువు మీదా భారం పెంచుతాయి. వాటికి అలవాటు పడడానికి వారాలు పడుతుంది. నవంబరు ప్రయాణానికి ఇప్పుడు మొదలుపెడితే పర్వాలేదు, అక్టోబరు చివర్లో కొంటే మాత్రం వద్దు.

షూ ఇంటికి రాగానే వీధిలో వేసుకోకండి. మట్టి అంటితే వాపసు తీసుకోరు. బియ్యం బ్యాగు వేసుకుని, లేసులు పై కన్నం దాకా కట్టి, ఇంటి మెట్లు ఎక్కి దిగండి. దిగడమే పరీక్ష. మెట్టు అంచున మడమ ఆనించి వేళ్ళు కిందికి వాలేలా నిలబడి, నేలని షూ ముక్కుతో గట్టిగా రెండు మూడుసార్లు తన్నండి. పొడుగు వేలు (మీకు రెండోవేలు) ముందు గోడని తాకకూడదు. మొదటి తన్నుకే తాకితే పొడవు చాలలేదు. రెండో మూడో తన్నుకి తాకితే పాదం జారుతోంది, లేసు మళ్ళీ కట్టి చూడండి.

బరంపురం ఫిజియో

ఎడమ పాదం 4 మి.మీ. చిన్నది కాబట్టి ఎడమ మెడ మీద లేసు కొంచెం ఎక్కువ బిగించండి. అప్పటికీ జారితే ఇన్‌సోల్ కింద పల్చటి అట్ట ఎడమ షూలోనే వేయండి, రెండిట్లో వద్దు.

జయపురం పరుగు

అన్న లెక్క ఒప్పుకుంటున్నాను. నిన్న నేనూ ఎనిమిది కిలోలు వేసుకుని దేవమాలి పక్క కొండ దిగి చూశాను. నా పరుగు షూలో వేళ్ళు తగిలాయి. ఖాళీగా పరిగెత్తేటప్పుడు ఎప్పుడూ తగలలేదు.

అక్కా, దేవమాలికి వస్తే చెప్పండి. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తు. పైదాకా రోడ్డుంది గానీ పక్క ఊళ్ళ నుంచి కాలిదారులున్నాయి, చూపిస్తాను.

గుణుపురం లెక్కల టీచర్

తప్పకుండా తమ్ముడూ. వచ్చే శనివారం రైలుకి విశాఖ వెళ్తున్నాం, సాక్స్, బియ్యం బ్యాగు తీసుకునే. చివరిగా ఒకటి. చలికి రెండు జతల సాక్స్ వేసుకోమని మా బళ్ళో ఒకరన్నారు. వేసుకోవచ్చా? దసరాకి మహేంద్రగిరి ఫర్వాలేదా?

పర్లాకిమిడి కొండదారి

రెండు జతలు వేసుకుంటే ఇంత కష్టపడి తీసిన కొలత మారిపోతుంది. లోపల మరీ పల్చటిది, పైన ఉన్నిది వేసుకునే పద్ధతి ఉంది, బొబ్బలు తగ్గుతాయని కొందరు వాడతారు. అలా అయితే షాపులో కూడా రెండూ వేసుకునే చూడాలి. రెండు మందపాటి జతలు మాత్రం వద్దు. నడకకి షూ వేసి చూసిన ఉన్ని జతే ఉంచండి, అలాంటివి ఇంకో రెండు తీసుకెళ్ళి రోజూ మార్చండి. ఇంకా మందపాటివి రాత్రి పడుకునేటప్పుడు.

మహేంద్రగిరికి దసరా అంటే తుపాన్ల రోజులు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాని ఎలా చేసిందో మీకు తెలుసు. వాతావరణ శాఖ హెచ్చరిక చూసుకునే బయల్దేరండి. వాన కురిసిన మర్నాడైతే ఎర్రమట్టి దిగుడు జారుతుంది, ఒక రోజు ఆగండి. కుంతి, భీమ, యుధిష్ఠిర గుళ్ళ దాకా రోడ్డు వైపు నుంచి కాకుండా నడక దారిలో ఎక్కి, అదే దారిలో బరువుతో దిగండి. 1,501 మీటర్ల కొండ దిగుడు, కొత్త షూకి అంతకంటే మంచి పరీక్ష మన చుట్టుపక్కల లేదు. దిగాక సాక్స్ విప్పి ఎక్కడ ఎర్రబడిందో చూసి చెప్పండి, లేసు కట్టు దాన్ని బట్టి మారుద్దాం.